బాణం గుర్తు చెరిగితే బలయ్యేది కూలివాడే

సనత్‌నగర్‌లో తెల్లారకముందే బతుకు మొదలవుతుంది. చీకటి ఉండగానే ఎర్రగడ్డ రైతు బజారు దగ్గర కూరగాయల మూటలు దిగుతుంటాయి. చేవెళ్ల వైపు నుంచీ, శంకరపల్లి వైపు నుంచీ రైతులు ట్రాలీ ఆటోల్లోనూ, మోపెడ్ల మీదా సరుకు తెస్తారు. పొద్దు పొడిచే వేళకు పాలమూరు నుంచి వచ్చిన కూలీలు సద్దిగిన్నెలు పట్టుకుని అడ్డాల మీద నిలబడతారు. పారిశ్రామికవాడలో మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులు సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద బారులు కడతారు. ఉర్దూలో 'సనత్' అంటే పరిశ్రమ. పేరుకు తగ్గట్టే ఇది పనిచేసే జనం పేట. 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఇక్కడే డబుల్ డెక్కర్ బస్సులు కట్టింది. ఆ కంపెనీ పోయింది గాని, పనికి పరుగెత్తే జనం పోలేదు.

మొన్న ఒక రోజు ఆ వేళకు మేము అక్కడ నిలబడ్డాం. రోడ్డుకు ఒక పక్క బండ్లన్నీ మూసాపేట వైపు పోతుంటే, అదే పక్కన, అదే అంచున కొన్ని బండ్లు ఎదురుగా వస్తున్నాయి. ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టబోయి మానుకున్నాం. ఒకటి రెండు అయితే కదా లెక్క!

కొత్తిమీర మూటలు కట్టుకుని మోపెడ్ మీద ఎదురొచ్చిన ఒక పెద్దాయనను ఆపాం.

"పెద్దాయనా, లారీలకు ఎదురు వస్తున్నావే, భయం లేదా?"

"భయం లేకేం బిడ్డా! గా యూటర్న్ కాడికి వోయి మల్ల రావాలంటే పెట్రోలు అయితది, పొద్దు అయితది. నేను తిరిగొచ్చేవరకు బజార్ల జాగ ఉంటదా? ఆకుకూర ఆగుతదా?"

"ఇటు రాకూడదని గుర్తు ఏమీ లేదా?"

"ఏం గుర్తు? ఎక్కడున్నది? చూపియ్యి."

మేము వెనక్కి తిరిగి చూశాం. ఆ అడ్డరోడ్డు మొగలో ఒక స్తంభం ఉంది. దాని మీద బోర్డు కూడా ఉంది. కాని చెట్టు కొమ్మలు సగం కప్పేశాయి. మిగతా సగం మీద ఎవరో 'రూములు అద్దెకు' అని కాగితం అంటించారు. నేల మీద ఒకప్పుడు తెల్లటి బాణం గీసిన జాడ ఉంది. బాణానికి తోక మిగిలింది, ములుకు చెరిగిపోయింది. తోకను చూసి ఏ వైపు పోవాలో ఎవరు చెప్పగలరు?

పక్కనే ఇటుక పనికి వెళ్లే ఒక అక్క మా మాటలు వింటూ నిలబడింది. ఆమె అన్న మాట మాత్రం మా మనసులోంచి పోలేదు.

"సారూ, మేము రోడ్డు దాటేటప్పుడు బండ్లు వచ్చే దిక్కే చూస్తం. గీ ఎనక దిక్కుకెల్లి బండి వస్తదని ఎవలకెరుక? మా చెల్లె కాలు గట్లనే ఇరిగింది. ఆర్నెల్లు మంచంల ఉన్నది. గుద్దినోడు గూడ మా అసొంటోడే. పాల డబ్బాలోడు. ఆన్ని తిట్టబుద్ధి గాలే, కొట్టబుద్ధి గాలే."

ఎదురు వచ్చేవాడూ పేదవాడే, కాలు విరిగేదీ పేదదానికే. ఈ సంగతిని 'ట్రాఫిక్ సమస్య' అని పట్నం పేజీకి వదిలెయ్యకుండా ఈ శీర్షికలో ఎందుకు రాస్తున్నామో పాఠకులకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇదే రోడ్డు, మునగాల దగ్గర

సనత్‌నగర్ పక్కనుంచి పోయే ఈ రోడ్డును పాతవాళ్లు బొంబాయి రోడ్డు అంటారు. ఒకప్పుడు 9వ నంబరు, తర్వాత 65వ నంబరు జాతీయ రహదారి. పుణె దగ్గర మొదలై హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది.

2022 నవంబరు 12 రాత్రి ఇదే రహదారి మీద సూర్యాపేట జిల్లా మునగాల దగ్గర ఒక ఘోరం జరిగింది. అయ్యప్ప పూజ చూసుకుని గ్రామస్థులు ట్రాక్టరు ట్రాలీలో ఇంటికి వస్తున్నారు. రోడ్డు అవతలి పక్కకు చేరాలంటే యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. ఆ దూరం తప్పించుకోవడానికి ట్రాక్టరు ఎదురు దారిన వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. విజయవాడ వైపు వెళ్లే లారీ వచ్చి గుద్దింది. అయిదుగురు చనిపోయారు. చాలామంది గాయపడ్డారు.

మర్నాడు అందరూ ఒకటే మాట అన్నారు: 'డ్రైవరు తప్పు.' తప్పే. దాన్ని మేము కాదనం. ట్రాలీ నిండా మనుషుల్ని ఎక్కించుకుని రాత్రిపూట లారీలకు ఎదురు పోవడం ఎవరు చేసినా తప్పే. కాని ఆ ఒక్క మాటతో కథ ముగిస్తే రేపు ఇంకో ఊరు, ఇంకో ట్రాక్టరు. ఊరికీ చేనుకీ మధ్య రహదారి వేసి, నడుమ గోడ కట్టి, దాటే చోటు దూరాన పెడితే ఊరివాళ్లు రోజూ ఏం చేస్తారు? ఈ ప్రశ్న కూడా వెయ్యాలి కదా!

లెక్కలు చూడండి. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. కారణాల్లో మొదటిది అతివేగం. రెండోది ఎదురు దారిన నడపడమే. నూటికి 5.4 చావులు దానివల్లే, అంటే తొమ్మిది వేల ప్రాణాల పైమాట. అదే ఏడు చనిపోయినవాళ్లలో ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లు నూటికి 44.5 మంది, నడిచిపోయేవాళ్లు 19.5 మంది. ఈ రెండూ కలిపితే ప్రతి మూడు చావుల్లో దాదాపు రెండు. కార్లలో పోయేవాళ్ల చుట్టూ ఇనుప డొక్కు ఉంటుంది. మనవాళ్ల చుట్టూ ఏముంది? చొక్కా, చీర, తలగుడ్డ.

గీతలకూ ఒక చరిత్ర ఉంది

రోడ్డు మీద గీత అంటే సర్కారు వేసే ముగ్గు కాదు. అది మనుషుల మధ్య ఒప్పందం. 'నువ్వు ఇటు, నేను అటు' అని ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. ఆ మాట ఎలా పుట్టిందో తెలుసుకుంటే మంచిది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారి 1911లో రోడ్డు నడుమ తెల్లగీత గీయించాడు. పాలబండి ఒకటి కారుతూ పోతే రోడ్డు మీద పడిన తెల్లటి చార చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. అంతకుముందు ఎవరు రోడ్డు నడుమ పోతే రోడ్డు వాళ్లదే. బలిసినవాడి బండికి బక్కవాడు తప్పుకోవాల్సిందే. గీత వచ్చాక రోడ్డులో సగం ఎదుటివాడిదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇంగ్లండులో యార్క్‌షైర్‌కు చెందిన పెర్సీ షా పేద ఇంట పుట్టినవాడు, రోడ్ల మరమ్మతులు చేసుకు బతికిన మనిషి. రాత్రిపూట బండి దీపం వెలుగు పడగానే మెరిసే చిన్న గాజుకళ్లను రోడ్డులో పాతవచ్చని 1934లో ఆయన కనిపెట్టాడు. మనవాళ్లు ఇప్పుడు 'క్యాట్ ఐస్' అంటున్నవి అవే. వాటికి కరెంటు అక్కర్లేదు. మన దీపం వెలుగునే మన కంటికి తిప్పి పంపుతాయి. తెల్లగీతల రంగులో చల్లే సన్న గాజుపూసలు చేసే పని కూడా అదే. పూసలు లేని గీత పగలు కనిపిస్తుంది, రాత్రి చచ్చిపోతుంది. అందుకే పని చేసిన కాంట్రాక్టరు పూసలు చల్లాడో లేదో చూడాలంటే పగలు చూస్తే లాభం లేదు. చీకటి పడ్డాక బండి లైటు వేసి చూడాలి.

చదువు రాకపోయినా చదవొచ్చు

బడికి పోనివాళ్లు కూడా గుర్తుపట్టేలా రోడ్డు బోర్డులను ఆకారంతో, రంగుతో చేశారు. ఈ చిన్న పాఠం ప్రతి సంఘం సమావేశంలో ఒకసారి చెప్పుకుంటే చాలు.

గుండ్రటి బోర్డు ఆజ్ఞ. మూడుమూలల బోర్డు హెచ్చరిక. నాలుగుమూలల నీలి బోర్డు సమాచారం. గుండ్రంగా నిండా ఎర్రగా ఉండి, నడుమ అడ్డంగా తెల్లపట్టీ ఉంటే 'ఇటు రావద్దు' అని అర్థం. ఎర్ర గుండ్రం లోపల బాణం మీద అడ్డగీత కొట్టి ఉంటే ఆ బాణం చూపే వైపు పోవద్దని. నీలి గుండ్రంలో తెల్లబాణం ఉంటే ఆ వైపే పోవాలని. నేల మీద తెల్లగీత తెగి తెగి ఉంటే చూసుకుని దాటొచ్చు. తెగకుండా ఉంటే దాటరాదు. నేల మీది బాణం ములుకు మన కేసి చూస్తుంటే మనం ఎదురు దారిన ఉన్నట్టే. వెంటనే పక్కకు దిగి ఆగాలి.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మామూలు బోర్డులన్నీ సరైన దారిన వచ్చేవాడి కంటికి ఎదురుగా ఉంటాయి. ఎదురు దారిన వచ్చేవాడికి కనిపించేది వాటి వీపు! వాడిని ఆపాల్సిన బోర్డు వాడికేసి చూడాలి కదా. అడ్డరోడ్డు నుంచి పెద్దరోడ్డు ఎక్కే ప్రతి మొగలోనూ, డివైడరు తెగిన ప్రతి చోటా, తప్పు వైపు తిరగబోయేవాడి కంటికి సూటిగా ఎర్ర బోర్డు ఉండాలి. రోడ్డుకు ఒక పక్కే ఉంటే బస్సు అడ్డమొస్తుంది. రెండు పక్కలా ఉండాలి.

కాలిఫోర్నియాలో 1960, 70లలోనే ఈ విషయం మీద పెద్ద పరిశీలన చేశారు. పెద్దరోడ్ల దిగుడు దారుల దగ్గర కెమెరాలు పెట్టి ఎవరు ఎందుకు తప్పు తిరుగుతున్నారో చూశారు. బోర్డు బాగా ఎత్తున ఉంటే రాత్రిపూట బండి దీపం వెలుగు దాని మీద పడటం లేదని తేలింది. బోర్డులను కిందికి దించి, నేల మీద బాణాలు గీసి, తప్పులను బాగా తగ్గించారు. టైర్లు చీల్చే ఇనుప మేకులు కూడా పరీక్షించి చూశారు. అవి బండిని చప్పున ఆపలేదు, వాటంతట అవి విరిగిపోయాయి. అందుకని వద్దనుకున్నారు. మనదేశంలో 2023లో అహ్మదాబాదులో అలాంటి మేకులే వేశారు. సైకిల్ మీద పోయేవాడు, చీకట్లో నడిచేవాడు వాటి మీద పడితే ఏమిటి గతి? మేకు కంటే రంగు చవక, రంగు కంటే ఆలోచన చవక.

పొరపాటున వచ్చేవాడు, తెలిసి వచ్చేవాడు

అయితే అమెరికాను చూసి మన రోడ్డుకు మందు రాయలేం. అక్కడ రాత్రిపూట తాగి, దారి తెలియక ఎదురు వచ్చేవాళ్లే ఎక్కువ. మన దగ్గర తాగినవాళ్లు లేరని కాదు. కాని ఎర్రగడ్డ దగ్గర మేము చూసిన పెద్దాయన తాగలేదు. దారి తెలియకా రాలేదు. తెలిసే వచ్చాడు.

పొరపాటున వచ్చేవాడిని బోర్డు ఆపుతుంది, బాణం ఆపుతుంది. తెలిసి వచ్చేవాడిని ఆపాలంటే అతను ఎందుకు వస్తున్నాడో అడగాలి. అడిగితే చెప్తాడు. యూటర్న్ దూరం. పెట్రోలు ఖర్చు. పొద్దు. జాగా. పని దొరకదేమోనన్న బెంగ. అడ్డా మీద అరగంట ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్టే.

ఈ దారి మీద మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైంది. భరత్‌నగర్, ఎర్రగడ్డ, ఈఎస్ఐ ఆసుపత్రి, ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట అంటూ స్టేషన్లు వచ్చాయి. మెట్రో వచ్చిందని మేమూ సంతోషించినవాళ్లమే. పొడుగు ప్రయాణం చేసేవాడికి అది మేలు చేసింది. కాని రోడ్డు నడుమ స్తంభాల వరస, ఆ వరస పొడుగునా డివైడరు ఉంది. అవతలి పక్కకు పోవాల్సినవాడు అది ఎక్కడ తెగితే అక్కడిదాకా పోవాలి. కారువాడికి అది యాక్సిలేటర్ మీద ఒక్క తొక్కు. తోపుడు బండివాడికి మాత్రం అది చెమట. తోపుడు బండిని ఎండలో అంత దూరం తోసుకుపోయి, మళ్లీ అంత దూరం తోసుకు రమ్మంటే వినేవాడెవడు?

కాబట్టి గుర్తులు ఒక్కటే చాలవు. దాటే చోటు దగ్గరగా ఉంటేనే గుర్తుకు విలువ. దాటే చోటు లేకుండా పెట్టిన ఎర్ర బోర్డు అన్నం పెట్టకుండా చెప్పే నీతి వంటిది.

జరిమానా ఎవరికి, జవాబుదారీ ఎవరికి?

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఎదురు దారిన నడపడాన్ని 184వ సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చారు. మొదటిసారి పట్టుబడితే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు 2022 నవంబరు చివర్లో ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టి ఎదురు దారికి 1,700 రూపాయలు వేశారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 257 రూపాయలు. అంటే ఒక్క చలానా ఆరున్నర రోజుల రెక్కల కష్టం.

అదే సవరణలో 198ఏ అనే సెక్షను కూడా ఉంది. దీని గురించి మాత్రం ఎవరూ దండోరా వెయ్యలేదు. రోడ్డును నిర్ణీత ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్లగాని, నిర్వహించకపోవడం వల్లగాని మనిషి చనిపోయినా, అవిటివాడైనా ఆ పనికి బాధ్యులైన అధికార్లకూ, కాంట్రాక్టర్లకూ, సలహాదార్లకూ లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చని ఆ సెక్షను చెప్తుంది. జైలు మాత్రం లేదు. మోపెడ్ మీద ఎదురొచ్చినవాడికి జైలు రాసిన చట్టం, గుర్తు పెట్టనివాడికి జరిమానాతో సరిపెట్టింది. అయినా ఆ కాస్త హక్కయినా మనకు ఉందని తెలియాలి. బోర్డులు ఎలా ఉండాలో చెప్పే ఐఆర్‌సీ 67 పుస్తకం ఉంది, గీతలు ఎలా ఉండాలో చెప్పే ఐఆర్‌సీ 35 ఉంది. ప్రమాణం లేదని ఎవరూ తప్పించుకోలేరు.

ఇంకొక సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి. ఎదురు దారిన పోయి చనిపోతే, 'ఇతని తప్పూ ఉంది' అని నష్టపరిహారంలో కోత పడుతుంది. ట్రాక్టరు ట్రాలీలో మనుషుల్ని ఎక్కిస్తే, ఆ బీమా వ్యవసాయానికే గాని ప్రయాణానికి కాదని బీమా కంపెనీలు తగువు పెడతాయి. ఇంటి పెద్ద పోయాక కోర్టుల చుట్టూ తిరిగేది ఆడబిడ్డలే. ఎవరి తప్పో నిరూపించే పని లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరే వీలు 164వ సెక్షనులో ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. గుద్ది పారిపోయిన బండి ఎవరిదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం కూడా అదే రోజు నుంచి ఉంది. కార్యకర్తలు ఈ అంకెలు కంఠతా పట్టాలి.

మనం చేయాల్సింది

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. సరుకుతోగాని, మనుషులతోగాని ఎదురు దారిన పోవద్దు. పోక తప్పని చోట బండి దిగి, ఇంజను ఆపి, అంచున తోసుకుపోదాం. తోసుకుపోయేవాడు పాదచారి, వాడివల్ల ఎవరి కాలూ విరగదు. రాత్రిపూట ట్రాలీలో మనుషుల్ని ఎక్కించవద్దు. ట్రాలీ వెనక ఎర్రగా మెరిసే పట్టీ అంటించాలి. రోడ్డు దాటేటప్పుడు వన్‌వే అయినా సరే, రెండు దిక్కులా చూడాలి. మేస్త్రీలు అడ్డా మీద ఈ మాట రోజూ చెప్పాలి. ఆ ఇటుక పని అక్క చెల్లెలి కాలు మనకు గుర్తుండాలి.

ఆ తర్వాత అడగాల్సినవాళ్లను అడుగుదాం. రైతు బజారుకూ, ఆసుపత్రికీ, అడ్డాలకూ దగ్గరలో దాటే చోటు కావాలి. ప్రతి అడ్డరోడ్డు మొగలో ఎదురొచ్చేవాడికి కనిపించే ఎర్ర బోర్డు కావాలి, నేల మీద బాణం కావాలి. వానాకాలం వెళ్లగానే చెరిగిన గీతలు మళ్లీ గీయాలి. బోర్డును కప్పే కొమ్మలు కొట్టాలి, కాగితాలు పీకాలి. జాతీయ రహదారి పక్క ఊళ్లలో ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, గొర్లమందలు పోయేందుకు సర్వీసు రోడ్డో, కింది దారో కావాలి.

నోటిమాటగా అడిగితే గాలికి పోతుంది. కాగితం మీద అడగాలి. ఫలానా మొగలో బోర్డు లేదు, ఫలానా తేదీన చూశాం అని ఫోటోతో సహా రాసి, రశీదు తీసుకోవాలి. గీతలు ఎప్పుడు వేశారు, ఎంత ఖర్చయింది, ఎన్నాళ్లు నిలవాలని ఒప్పందం అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితాలు చేతిలో ఉంటే, రేపు జరగరానిది జరిగినప్పుడు 'మాకు తెలియదు' అనే మాట చెల్లదు. ఊళ్లలో గ్రామసభ తీర్మానం చేయించాలి.

మేము తిరిగి వస్తుంటే పెద్దాయన ఖాళీ మూటలు మడతపెట్టుకుంటున్నాడు. కొత్తిమీర అమ్ముడుపోయింది.

"ఇప్పుడు ఎటు పోతావు పెద్దాయనా?"

"యూటర్న్ కాడికే పోత లే. ఇప్పుడు తొందరేమున్నది?"

తొందర లేనప్పుడు ఆయనా చట్టం ప్రకారమే పోతాడు. తెల్లవారుజామున ఆయన తొందరకు కారణం బద్ధకం కాదు, పొట్ట. ఆ పొట్టకూ ఆ చట్టానికీ పొత్తు కుదిరేలా రోడ్డు కట్టమనే మన కోరిక. బాణానికి ములుకు గీయమనే మన కోరిక. ఇది గొంతెమ్మ కోరిక ఎంతమాత్రం కాదు.